గడువు దాటిన రాకడ

ఈ సభలో ఆదివారం ఆరాధన తప్పనివారున్నారు, గుడికిగానీ చర్చికిగానీ వెళ్లనివారూ ఉన్నారు. ఎవరి నమ్మకాన్నీ చిన్నబుచ్చకుండా, అలాగని ఏ ప్రశ్ననూ మెత్తబరచకుండా మాట్లాడటమే ఇలాంటి వేదికకు తగిన పద్ధతి. యేసు తిరిగి వస్తాడన్న నమ్మకం నేటి విషయం. తెలుగు క్రైస్తవులు దాన్ని రెండవ రాకడ అంటారు. చాలాసార్లు ‘రాకడ’ అని ఊరుకుంటారు, అంతమాత్రానికే అందరికీ అర్థమవుతుంది. ఈ నమ్మకంపై వచ్చిన గట్టి ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రంతో పెద్దగా పని లేదు, అద్భుతాలు జరుగుతాయా లేదా అన్న తర్కంతోనూ పని లేదు. నా వాదన ఇది: ఈ వాగ్దానం పుట్టినప్పుడు దానికి ఒక గడువు ఉండేది, ఆ గడువు దాటిపోయింది, మాటను అలాగే ఉంచి అర్థాన్ని మార్చుకుంటూ వచ్చారు. సంశయవాది చేతిలో ఉన్న అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఆ మార్పుల చరిత్రే. అందులో ఎక్కువ భాగం విశ్వాసులు తమ చేతులతో భద్రపరచిన గ్రంథాల్లోనే దొరుకుతుంది.

రెండు ప్రార్థనలను పక్కపక్కన పెట్టి చూద్దాం. సుమారు క్రీ.శ. 54లో పౌలు కొరింథు సంఘానికి గ్రీకులో రాసిన పత్రిక చివర అరామిక్ మాట ఒకటి కనిపిస్తుంది: మరనాత. మా ప్రభూ, రమ్మని దాని అర్థం. గ్రీకు మాట్లాడేవారికి రాస్తున్న ఉత్తరంలో అనువాదం లేకుండా వాడాడంటే, ఆ మాట పాలస్తీనాలోని తొలి విశ్వాసుల నోట నలిగి అప్పటికే ఊరూరా చేరి ఉండాలి. ఇక సుమారు 197లో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో, తెర్తుల్లియన్ రోమన్ అధికారులకు క్రైస్తవుల తరఫున సమర్థన రాశాడు. మేము రాజద్రోహులం కాము, చక్రవర్తుల క్షేమం కోసం ప్రార్థిస్తాము, లోకాంతం ఇంకా ఆలస్యం కావాలని కూడా ప్రార్థిస్తాము అన్నది అందులో ఆయన వాదం. తొలి తరం త్వరగా రమ్మని వేడుకుంది. నూట నలభై ఏళ్ల తర్వాతి తరం ఆలస్యం చేయమని వేడుకుంది. రెండు తరాలూ నిజాయితీగానే మోకరించాయి. ఈ మధ్యకాలంలో ఏదో జరిగింది. ఇంకోలా చెప్పాలంటే, జరగవలసినదేదో జరగలేదు.

ఏది జరగవలసి ఉందో తెలియాలంటే థెస్సలొనీకకు వెళ్లాలి. క్రొత్త నిబంధనలో మనకు మిగిలిన పత్రాల్లో అతి పాతది బహుశా పౌలు సుమారు క్రీ.శ. 50లో ఆ ఊరి సంఘానికి రాసిన మొదటి పత్రిక. అక్కడి విశ్వాసులకు వచ్చిన దిగులు మనకు వింతగా కనిపిస్తుంది. సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేలోపే కన్నుమూసినవారు ఆ వైభవానికి దూరమవుతారేమోనని మిగిలినవారు బాధపడ్డారు. చావు వారికి ఊహించని అడ్డంకిగా తోచింది. నిరీక్షణ ఎంత దగ్గరి కాలానికి సంబంధించినదో దీనికి మించిన రుజువు ఏం కావాలి? పౌలు వారిని ఓదార్చిన తీరులోనూ అదే లెక్క ఉంది: చనిపోయినవారు ముందు లేస్తారు, ఆ తర్వాత అప్పటికి బతికి ఉన్నవారు వారితో కలిసి మేఘాల మీద ప్రభువును ఎదుర్కొంటారు. బతికి ఉన్నవారి జాబితాలో ఆయన తననూ కలుపుకున్నాడు. ఇక్కడ మన భాష ఒక సంగతి బయటపెడుతుంది. ‘మేము’, ‘మనము’ అన్న తేడా గ్రీకులో లేదు. తెలుగులోకి తెచ్చినవారు ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఆ చోట ‘మనము’ అని రాశారు. రాసేవాడినీ చదివేవారినీ ఒక్క గుంపులో కట్టే మాట అది. సందర్భం అడిగిన మాట కూడా అదే.

సువార్తలలోనూ ఈ గడువు దాపరికం లేకుండా ఉంది. ఇక్కడ నిలిచి ఉన్నవారిలో కొందరు దేవుని రాజ్యం బలంతో రావడం చూడకుండా చనిపోరని మార్కు సువార్తలో యేసు చెబుతాడు. ఇవన్నీ జరిగేదాకా ఈ తరం గతించదని అదే సువార్త పదమూడో అధ్యాయంలో చెబుతాడు. మత్తయి ప్రకారం, ప్రచారానికి పంపిన శిష్యులు ఇశ్రాయేలు పట్టణాలన్నీ తిరగకముందే మనుష్యకుమారుడు వస్తాడు. ఆ దినమూ గడియా ఎవరికీ తెలియవని, కుమారుడికీ తెలియవని మార్కే చెప్పాడు కదా అని వెంటనే ప్రశ్న వస్తుంది. నిజమే. కానీ రోజు తెలియకపోవడం వేరు, గడువు లేకపోవడం వేరు. మృగశిర కార్తెలో వాన తప్పదు, ఏ రోజు పడుతుందో మాత్రం చెప్పలేనన్నవాడు, ఆరుద్ర కూడా పొడిగా పోయాక, నేను రోజు చెప్పలేదు కదా అని తప్పించుకోలేడు. రోజు తెలియదన్న వాక్యం తరం లోపల అన్న వాక్యాన్ని రద్దు చేయదు. దాని లోపల ఒదిగి కూర్చుంటుంది.

తరం గడిచిపోతున్నకొద్దీ క్రొత్త నిబంధన లోపలే సర్దుబాట్లు మొదలయ్యాయి. కాలం సమీపించిందని చెప్పేవారి వెంట పోవద్దన్న హెచ్చరిక లూకాలో చేరింది. మార్కులో ఆ మాట లేదు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో ఒక చిన్న సవరణ ఉంది. ప్రభువు వచ్చేదాకా ఫలానా శిష్యుడు చనిపోడన్న వదంతి సహోదరుల్లో వ్యాపించిందని, యేసు సరిగ్గా అలా అనలేదని రచయిత పనిగట్టుకుని వివరిస్తాడు. ఆ శిష్యుడు అప్పటికే చనిపోయాడనో, చావుకు దగ్గరపడ్డాడనో అనుకుంటే తప్ప ఈ వివరణకు అవసరం కనిపించదు. చివరగా పేతురు రెండో పత్రిక. దాన్ని పేతురు మరణం తర్వాత ఎంతో కాలానికి ఆయన పేరుతో రాశారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పితరులు చనిపోయారు, అంతా ఎప్పటిలాగే ఉంది, ఆ రాకడ ఎక్కడ అని అడిగే అపహాసకులు అందులో కనిపిస్తారు. రాకడను సందేహించిన తొలి గొంతులు లేఖనంలోనే అచ్చయ్యాయన్నమాట. వారికి దొరికిన జవాబు ప్రసిద్ధం: ప్రభువు లెక్కలో వెయ్యేళ్లు ఒక్క దినంతో సమానం. ఆ జవాబు కీర్తనల నుంచి వచ్చింది, ఎంతో గంభీరమైనది కూడా. అయితే అది నెగ్గిన మరుక్షణం థెస్సలొనీకవారికి పౌలు ఇచ్చిన ఓదార్పు ఖాళీ అవుతుంది. త్వరలో అన్న మాటకు రెండు వేల ఏళ్లు అన్న అర్థం కూడా సరిపోయేటట్లయితే, ఆ మాట విని ధైర్యం తెచ్చుకోవడానికి ఎవరికీ ఏమీ మిగలదు.

ఈ సర్దుబాటు క్రైస్తవులు కనిపెట్టినది కాదన్న సంగతి సంశయవాదులు కూడా తరచు మరచిపోతారు. యూదుల బబులోను చెర డెబ్బై ఏళ్లు అని ప్రవక్త యిర్మీయా చెప్పాడు. అనుకున్న వైభవం రాలేదు. దానియేలు గ్రంథం ఆ డెబ్బై ఏళ్లను డెబ్బై వారాల ఏళ్లుగా, అంటే 490గా చదివింది. ఆ గ్రంథం ముగింపులో 1290 దినాలు అన్న లెక్క ఒకటి వస్తుంది. ఆ వెంటనే 1335 దినాలు నిరీక్షించినవాడు ధన్యుడన్న మరో లెక్క వస్తుంది. మొదటి గడువు దాటాక రెండోది చేర్చారని చాలామంది పరిశోధకులు భావిస్తారు. ఈ గ్రంథం బబులోను చెరకాలం నాటిది కాదని, యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన అంతియొకు ఎపిఫానెసు కాలంలో, క్రీ.పూ. రెండో శతాబ్దంలో రాశారని మూడో శతాబ్దపు తత్త్వవేత్త పోర్ఫిరీ వాదించాడు. అంతియొకు దాకా వివరాలన్నీ కచ్చితంగా ఉండి, ఆ తర్వాత తప్పిపోవడమే ఆయన చూపిన ఆధారం. క్రైస్తవులకు వ్యతిరేకంగా ఆయన రాసిన పుస్తకాన్ని 448లో చక్రవర్తుల ఆజ్ఞతో కాల్చారు. అయినా వాదం చావలేదు. ఆయనను ఖండించడానికి క్రైస్తవ పండితుడు జెరోమ్ రాసిన దానియేలు వ్యాఖ్యానంలోనే అది బతికింది. నేటి బైబిలు అధ్యయనంలో పోర్ఫిరీ తేదీయే అధికసంఖ్యాకులకు సమ్మతం. మేఘాల మీద వచ్చే మనుష్యకుమారుని చిత్రం ఈ గ్రంథం ఏడో అధ్యాయానిదే కాబట్టి, ఇది ఏ మూలనో ఉన్న పండిత చర్చ అనుకోవడానికి లేదు.

యూదుల అభ్యంతరం వేరే దారిలో వచ్చింది. మెస్సీయా ఎప్పుడు వస్తాడన్న దానికన్నా, వస్తే ఏం మారాలన్నది వారికి ముఖ్యం. 1263లో బార్సెలోనాలో అరగాన్ రాజు మొదటి జేమ్స్ ఎదుట జరిగిన చర్చలో రబ్బీ నహ్మనిదెస్ ఈ కొలమానాన్నే బయటికి తీశాడు. మెస్సీయా కాలంలో కత్తులు నాగటి కర్రులవుతాయని ప్రవక్తలు చెప్పారు. యేసు నాటి నుంచి నేటిదాకా లోకం హింసతో, దోపిడితో నిండి ఉంది. యుద్ధం నేర్వకుండా ఉండవలసి వస్తే రాజుగారికి, ఆయన సామంతులకు ఎంత కష్టమో కదా అని కూడా అన్నాడట. రాజు తనకు మూడు వందల దీనార్లు ఇచ్చి పంపాడని నహ్మనిదెస్ తానే రాసుకున్నాడు. ఈ వాదంలో పదును ఎక్కడుందంటే, రెండవ రాకడ అన్న భావనే మొదటి రాకడలో నెరవేరనివాటిని వాయిదా వేసిన ఖాతా అని అది చూపుతుంది. మెస్సీయా చేయవలసిన పనులు మిగిలిపోయాయి కాబట్టి, ఆయన మళ్లీ రావాలి. అయితే ఇలాంటి వాయిదాలు యూదులకూ తెలియనివి కావు. పదిహేడో శతాబ్దంలో మెస్సీయాగా వెలిగిన సబ్బతాయి జెవి 1666లో సుల్తాను ఎదుట ఇస్లాం పుచ్చుకున్నాక కూడా, అది రహస్య కార్యమేనని చెప్పుకుని ఆయనను నమ్మినవారు మిగిలారు.

క్రైస్తవ ఆచార్యుడు అగస్తీను దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ప్రకటన గ్రంథంలోని వెయ్యేళ్ల పాలన రాబోయేది కాదని, సంఘం ఉన్న ఈ కాలమేనని ఆయన తేల్చాడు. ఆ వ్యాఖ్యతో రాకడ పశ్చిమ క్రైస్తవంలో శతాబ్దాలపాటు నిత్యజీవితం నుంచి పక్కకు జరిగి విశ్వాస ప్రమాణంలో ఒక వాక్యంగా నిలిచింది. చూడవలసింది ఆ వాక్యం మళ్లీ క్యాలెండరు మీదికి ఎక్కిన చోటు. న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు రైతు దానియేలు ఎనిమిదో అధ్యాయంలోని 2300 దినాలను ఏళ్లుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కగట్టి, 1843 ప్రాంతంలో క్రీస్తు వస్తాడని తేల్చాడు. పోర్ఫిరీ చెప్పినది సరైతే ఆ సంఖ్య అంతియొకు అపవిత్రం చేసిన ఆలయం ఎన్నాళ్లు అలా ఉంటుందో చెప్పే లెక్క మాత్రమే. మిల్లర్ గడువు దాటింది. ఆయన అనుచరుడొకరు యూదుల పంచాంగం ఆధారంగా 1844 అక్టోబరు 22 అని సవరించాడు. న్యూ హాంప్‌షైర్‌లో ఒక రైతు బంగాళాదుంపలు తవ్వకుండా పొలంలోనే వదిలేశాడని అడ్వెంటిస్టుల చరిత్రలు చెబుతాయి. ఆ రాత్రి గడిచింది. మర్నాడు పొద్దున హైరమ్ ఎడ్సన్ అనే విశ్వాసి పొలానికి అడ్డంపడి నడుస్తూ ఉండగా ఒక భావం తట్టింది: తేదీ సరైనదే, సంఘటనే వేరు, క్రీస్తు ఆ రోజున భూమికి రాలేదు, పరలోక ఆలయంలోని అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లాడు. ఆ వివరణ చుట్టూ చేరినవారు 1863లో సెవెన్త్‌డే అడ్వెంటిస్టు సంఘంగా ఏర్పడ్డారు. తెలుగునాట కూడా ఆ సంఘం బడులు, ఆసుపత్రులు నడిపింది. వాటి మేలును ఎవరూ కాదనరు. నేను చూపదలచినది ఆ ఒక్క పూట జరిగిన మార్పును. సాయంత్రం దాకా ఎవరైనా తలెత్తి ఆకాశం వైపు చూసి తేల్చుకోగలిగిన మాట, మర్నాటికి ఎవరి కంటికీ అందని చోటికి చేరింది. మొదటి శతాబ్దంలో కొన్ని దశాబ్దాలు పట్టిన పని ఇక్కడ పన్నెండు గంటల్లో పూర్తయింది.

ఈ సంగతులను నిర్మొహమాటంగా రాసినవారిలో ఒకడు హాంబర్గ్‌లో భాషలు బోధించిన రైమారుస్. బతికి ఉండగా ప్రచురించే ధైర్యం చేయలేదు. 1768లో ఆయన పోయాక జర్మన్ రచయిత లెస్సింగ్ 1774 నుంచి 1778 దాకా ఆ భాగాలను రచయిత పేరు లేకుండా అచ్చువేశాడు. రాకడ గడువు దాటిందని రైమారుస్ చూపిన చోట ఆయన వాదానికి నేటికీ తిరుగులేదు. కానీ శిష్యులు కావాలని మోసం చేశారన్న చోట మాత్రం ఆయన పొరబడ్డాడనే నేను భావిస్తాను. మోసగాళ్లయితే తమకు అడ్డొచ్చే వాక్యాలను ముందుగా తీసేస్తారు. గడువు చెప్పిన మాటలను గడువు దాటాక కూడా అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకున్నవారిని అబద్ధికులు అనలేం. ఆ వాక్యాలు అంత ఇబ్బందికరంగా ఉండటమే అవి పాతవని, బహుశా యేసు నోటి నుంచే వచ్చాయని నమ్మడానికి కారణం. 1906లో బైబిలు పండితుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ దీన్ని కడదాకా తీసుకెళ్లాడు: యేసు లోకాంతం దగ్గరపడిందని నమ్మాడు, ఆ నమ్మకంతోనే మరణించాడు, అది జరగలేదు. ఇంత చెప్పినవాడు విశ్వాసం వదలలేదు. 1913లో వైద్యుడిగా ఆఫ్రికాలోని లాంబరెనెకు వెళ్లాడు. అవిశ్వాసి బెర్ట్రాండ్ రసెల్ 1927లో లండన్‌లోని బాటర్‌సీ టౌన్‌హాలులో చేసిన ప్రసంగంలో ఇదే ఆధారంతో యేసు జ్ఞానాన్ని ప్రశ్నించాడు. రాకడ అతి సమీపమని భక్తులను బెదరగొట్టిన పాస్టరు తన తోటలో చెట్లు నాటుతుండటం చూసి వారు ఊరట చెందారని అందులో ఒక ప్రస్తావన ఉంది. విశ్వాసి ష్వైట్జరు, అవిశ్వాసి రసెల్ సాక్ష్యం దగ్గర ఒకచోట నిలబడటం గమనించదగినది. ఆ సాక్ష్యాన్ని మతద్వేషంగా కొట్టిపారేయడం అందుకే సాగదు.

ఇక సమాధానాలు. ‘తరం’ అంటే జాతి అని, యూదజాతి అంతరించదనే భావమని కొందరంటారు. ఆ గ్రీకు మాట మార్కులో మిగతా చోట్ల సమకాలికులనే సూచిస్తుంది. పైగా నిలిచి ఉన్నవారిలో కొందరు చనిపోరన్న వాక్యంలో ఆ మాటే లేదు. ఆ వాక్యం ఆరు రోజుల తర్వాత కొండ మీద జరిగిన యేసు రూపాంతరంతో నెరవేరిందని మరికొందరంటారు. వారం తిరగకముందే జరిగేదానికి మీలో కొందరు అప్పటిదాకా బతికే ఉంటారని ఎవరూ చెప్పరు. వీటికన్నా గట్టి సమాధానం, క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలడమే ఆ రాకడ అన్నది. మార్కు పదమూడో అధ్యాయంలో కొంత భాగానికి ఇది చక్కగా అతుకుతుంది, ఒప్పుకోవాలి. కానీ థెస్సలొనీకవారి చనిపోయిన బంధువుల సంగతి? వారు లేవలేదు, మేఘాల మీదికి ఎవరూ వెళ్లలేదు, యెరూషలేము కూలినందువల్ల మాసిదోనియలోని ఆ ఊరి శోకం తీరలేదు. అన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఈ మధ్య కొందరు బైబిలు పండితులు ముందుకు తెచ్చిన వాదం: ప్రవచనం షరతుతో కూడినది, యోనా ప్రకటించిన నాశనం నీనెవె పశ్చాత్తాపంతో ఆగినట్లే, రాకడ కూడా మనుషుల ప్రతిస్పందనను బట్టి ఆలస్యమైంది. గడువు దాటిందని ఒప్పుకుని మొదలుపెట్టడం ఈ వాదంలోని నిజాయితీ. చిక్కేమంటే, సువార్తల్లోని ఆ వాక్యాల్లో షరతు లేదు. ఉన్నది నిశ్చయంగా చెబుతున్నానన్న ఒత్తి చెప్పే మాట. ఫలితం చూశాక షరతు చేర్చే వీలుంటే, తప్పిన జోస్యమంటూ లోకంలో ఒక్కటీ ఉండదు. ప్రవక్త చెప్పినది జరగకపోతే అది దేవుని మాట కాదన్న ద్వితీయోపదేశకాండపు కొలమానం కూడా నిరుపయోగమవుతుంది. ఆ కొలమానం ఏ నాస్తికుడూ తయారుచేసినది కాదు.

అర్థం మారిన రాకడను ఒక ఆధ్యాత్మిక భావంగా, చరిత్రకు చివరి మాట న్యాయానిదేనన్న ఆశగా పట్టుకున్నవారితో సంశయవాదికి పెద్ద తగవు లేదు. తగవు వచ్చేది రెండు చేతులా లాభం కావాలన్నప్పుడు. ఆలస్యం గురించి అడిగితే దేవుని కాలాన్ని మన గడియారంతో కొలవకూడదంటారు. యుద్ధమో భూకంపమో వస్తే అదే గడియారం చూసి గురుతులు నెరవేరుతున్నాయంటారు. 1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడ్డాక నలభై ఏళ్ల తరం లెక్క అమెరికాలో లక్షల పుస్తకాలను అమ్మింది. 1988 వచ్చింది, వెళ్లింది. మరో లెక్క రాకడకు నిర్ణయించిన 2011 మే 21 కూడా అంతే. పరీక్షకు నిలబడని మాటకు పరీక్షలో నెగ్గినట్లు యోగ్యతాపత్రం ఇవ్వడం కుదరదు. ఇదే త్రాసు మన ఇంటి నమ్మకాలకూ వర్తించాలి. కలియుగం 4,32,000 ఏళ్లు, కల్కి దాని చివర వస్తాడు అన్న పురాణం గడువును ఎంతో దూరంగా పెట్టింది కాబట్టి దానికి ఆలస్యమన్న చిక్కే రాలేదు. అది దాని సత్యానికి రుజువు కాదు. వీరభోగ వసంతరాయలు వస్తాడన్న కాలజ్ఞానపు మాటలను జరిగిపోయిన సంఘటనలకు అతికించి చదివేవారు, దానియేలు సంఖ్యలను సర్దినవారికన్నా కట్టుదిట్టమైన పద్ధతి ఏదీ పాటించరు.

ఈ నమ్మకం బానిసలకు, దరిద్రులకు, చెరసాలల్లో ఉన్నవారికి ఊపిరి పోసింది, దాన్ని తర్కంతో తూచడం తగునా అన్నది చివరి అభ్యంతరం. ఊపిరి పోసిందన్నది నిజం. అది నమ్మకం ఎందుకు నిలిచిందో వివరిస్తుంది. నమ్మినది జరుగుతుందో లేదో చెప్పదు. ఈ రెండు ప్రశ్నలను కలిపేసినందువల్లే అవతలివారిది మోసమని రైమారుసూ, అడిగేవారిది అపహాస్యమని పేతురు పత్రిక రచయితా తొందరపడ్డారు. పౌలు థెస్సలొనీకకు రాసిన ఆ ఓదార్పు ఇవాళ తెలుగు పల్లెల్లో ఎక్కువగా వినిపించేది సమాధి దగ్గర. పెట్టె దించే ముందు పాస్టరు ఆ భాగం తెరిచి, బతికి నిలిచి ఉండే ‘మనము’ అని చదువుతాడు. చుట్టూ నిలబడినవారు ఆ ‘మనము’లో తామున్నామనుకునే వింటారు. క్రీ.శ. 50లో మొదటిసారి విన్నవారూ అలాగే విన్నారు.